బానర్‌ని పార్సిల్లో పంపుతున్నాను

బొబ్బిలి,
కార్తీక పౌర్ణమి మర్నాడు.

చిన్నూకి, బుజ్జమ్మకి, మీతో పాటు డాబా మీద ఆడుకునే పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

విజయనగరం సిరిమాను జాతర చూసి వచ్చిన రాత్రి మీరిద్దరూ పడ్డ గొడవ ఇంకా నా చెవుల్లోనే ఉంది. మూడు లాంతర్ల దగ్గర జాతర దుకాణంలో నూటయాభై పెట్టి చిన్నూ కొనుక్కున్న పచ్చ హల్క్ బొమ్మకి, అదే కోపమొస్తే పచ్చటి భారీ మనిషిగా మారే ఆ కామిక్స్ వీరుడి బొమ్మకి, ఇల్లు చేరేలోపే చెయ్యి ఊడొచ్చింది. బుజ్జమ్మ దగ్గరేమో మావయ్య పంపిన అసలు హల్క్ ఉంది, సీలు తియ్యని అట్టపెట్టెలో. "ఒక్కసారి తియ్యవే అక్కా" అని వాడు. "తీస్తే రేటు పడిపోద్ది, తియ్యను" అని నువ్వు. మధ్యలో నన్ను పిలిచి ఇద్దరూ ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు. హల్క్ ఏటి తాతా పచ్చగా ఉంటాడు? ఒకటి నూటయాభై, ఇంకొకటి అన్ని వేలు, ఎందుకు? పెట్టె తియ్యాలా, వద్దా? అన్నీ అయ్యాక నిద్రలోకి జారుతూ చిన్నూ ఇంకోటి అడిగాడు. "కోపం లేనప్పుడు హల్క్ ఎక్కడుంటాడు తాతా?"

ఆ చివరి ప్రశ్నకి ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు. అప్పట్నుంచి చదివాను, కనుక్కున్నాను, ఆలోచించాను. అందుకే ఉత్తరం ఇంత ఆలస్యమైంది.

ముప్పై రెండేళ్లు బడిలో డ్రాయింగ్ చెప్పినవాణ్ణి కదా, రంగు సంగతి ముందు చెబుతాను. అమెరికాలో మార్వెల్ అనే కామిక్స్ కంపెనీ వాళ్లు 1962 మే నెల తేదీతో హల్క్ మొదటి సంచిక వేశారు. కథ స్టాన్ లీది, బొమ్మలు జాక్ కిర్బీవి. అందులో హల్క్ పచ్చగా లేడు. బూడిద రంగులో ఉన్నాడు! ఏ జాతి మనిషినీ గుర్తు చెయ్యని రంగు కావాలని స్టాన్ లీ కోరి పెట్టించిన రంగు అది. కానీ అచ్చులో నిలబడలేదు. ఒక పేజీలో ముదురుగా, ఇంకో పేజీలో లేతగా, ఒకచోట పచ్చఛాయలో వచ్చింది. బుజ్జమ్మా, నీ వాటర్ కలర్స్ తీసి నువ్వే చూడు. ఎరుపు, నీలం, పసుపు కలిపి బూడిద రంగు చెయ్యి. ఒక్క చుక్క ఎక్కువైతే చాలు, అది గోధుమ వైపో నీలం వైపో లాగేస్తుంది. రెండోసారి అదే బూడిద కావాలంటే రాదు. ఆకుపచ్చకి ఆ బాధ లేదు, పసుపులో నీలం కలిపితే అయిపోయింది. రెండో సంచిక నుంచి హల్క్ పచ్చబడ్డాడు.

అంటే మన చిన్నూ జాతరలో అంత దూరం నుంచి గుర్తుపట్టి పరిగెత్తిన ఆ రంగు, ఒక ప్రెస్సులో సిరా కుదరక వచ్చింది. నాకు ఈ సంగతి ఎంత నచ్చిందో చెప్పలేను. 1980లలో బూడిద హల్క్ మళ్లీ కథల్లోకి వచ్చాడు, ఆ రంగు బొమ్మలు కూడా వచ్చాయి. ఎక్కడైనా కనిపిస్తే రంగు వెలిసిన బొమ్మ అనుకోకండి, అతనే పెద్దవాడు.

ఇప్పుడు ధర సంగతి. చిన్నూ బొమ్మని విప్పి చూశాను. లోపలంతా డొల్ల. ముందు సగం, వెనక సగం విడివిడిగా పోతపోసి అంటించేశారు. భుజం దగ్గర చిటికెన వేలి గోరంత ప్లాస్టిక్ మేకు ఒకటి ఉంది, బరువంతా దాని మీదే. అది విరిగింది. మెడ, రెండు భుజాలు, రెండు తొడలు, అయిదే కీళ్లు ఆ బొమ్మకి. బుజ్జమ్మ బొమ్మకి పెట్టె పైనుంచే లెక్కపెట్టాను. మోచేతులు, మోకాళ్లు, మణికట్లు, చీలమండలు, నడుము, అన్నీ తిరుగుతాయి. కొన్ని గుండ్రటి గిన్నెలో గోళీలాగ అన్ని వైపులకీ తిరిగే బాల్ జాయింట్లు. కండలు తీర్చిన అచ్చులు, కీళ్లు, చేత్తో వేసే రంగు, కంపెనీకి హక్కుల డబ్బు, వీటన్నిటికీ కలిపి ఆ ధర.

కీళ్ల బొమ్మలకి ఒక చరిత్ర ఉంది. 1964లో హాస్‌బ్రో అనే కంపెనీ జీ.ఐ. జో అని సైనికుడి బొమ్మ తెచ్చింది. 12 అంగుళాల ఎత్తు, 21 కదిలే భాగాలు. దాన్ని 'డాల్' అంటే మగపిల్లలు ముట్టుకోరని భయపడి 'యాక్షన్ ఫిగర్' అని కొత్త పేరు పెట్టారు. మనకి ఆ ఇబ్బంది లేదు. ఏటికొప్పాక లక్క బొమ్మయినా, హల్కయినా బొమ్మ బొమ్మే, మగపిల్లాడు ఆడినా ఆడపిల్ల ఆడినా. తర్వాత 1970లలో మెగో అనే కంపెనీ 8 అంగుళాల సూపర్ హీరోలు చేసింది, వాళ్లకి గుడ్డతో కుట్టిన నిజం బట్టలు. హల్క్‌కి కూడా గుడ్డ ప్యాంటే.

బుజ్జమ్మ బొమ్మది ఆరంగుళాల కొలత అంటారు. చాలా సులువైన లెక్క, గుర్తుపెట్టుకోండి. మనిషి ఒక అడుగు, బొమ్మ ఒక అంగుళం. ఆరడుగుల మనిషి ఆరంగుళాల బొమ్మ అవుతాడు. హల్క్ సుమారు ఎనిమిదడుగుల వాడు కాబట్టి బొమ్మ సుమారు 8 అంగుళాలు. ఈ లెక్క నాకు తర్వాత పనికొచ్చింది.

పెట్టె తియ్యాలా వద్దా? బుజ్జమ్మా, నువ్వన్నది అబద్ధం కాదు. సీలు తియ్యని బొమ్మకి ఎక్కువ ధర పలుకుతుంది, అలా దాచేవాళ్లు లోకమంతా ఉన్నారు. కానీ పాత బొమ్మలకి ఆ ధర ఎందుకొచ్చిందో ఆలోచించు. ఆ రోజుల్లో పిల్లలు వాటిని తీసి ఆడేశారు, విరగ్గొట్టారు, పారేసుకున్నారు. మిగిలినవి కొన్నే, అందుకని విలువ. ఇప్పుడు చాలామంది దాచడానికే కొంటుంటే అవి అరుదైనవి ఎలా అవుతాయి? ఇంకొకటి. హల్క్ కండల్లాంటి మెత్తటి భాగాలు ఎక్కువగా పీవీసీ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. పీవీసీ స్వతహాగా గట్టిది, దాన్ని మెత్తబరచడానికి నూనెలాంటి పదార్థం కలుపుతారు. ఏళ్లు గడిచేకొద్దీ అది పైకి ఊరి బొమ్మ జిగురుగా తయారవుతుంది. వేడిలో ఇంకా త్వరగా. గాలాడని పెట్టెలో ఆ జిగురు పోయే దారి కూడా ఉండదు. మన వేసవి ఉక్కపోతలో బీరువా మీద పెట్టిన పెట్టె ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. పెట్టెలో ఉన్నంత మాత్రాన బొమ్మకి వయసు ఆగదమ్మా. నా మాట అడిగితే, తీసెయ్. ఆడుకో. తమ్ముడికీ ఇవ్వు.

తీశాక ఏదైనా కీలు బిగుసుకుపోయి ఉంటే మాత్రం బలవంతంగా తిప్పొద్దు. కీలు సందులో రంగు అంటుకుపోయి ఉంటుంది, తిప్పితే లోపల మేకు తెగుతుంది. అమ్మ చేత వేడినీళ్లు పెట్టించి, మరిగేవి కాదు సుమా, అందులో ఆ భాగాన్ని ఒక నిమిషం ముంచి, నెమ్మదిగా ఇటూ అటూ కదపండి. ఎండలో కిటికీ గట్టు మీద పెట్టకండి.

ఇక చిన్నూ ప్రశ్న.

కోపం లేనప్పుడు హల్క్ బ్రూస్ బానర్ అనే మనిషిలో ఉంటాడు. సన్నగా, నెమ్మదిగా, పుస్తకాలతో బతికే సైంటిస్టు. గామా కిరణాల బాంబు తయారుచేసింది అతనే. దాన్ని పేల్చి పరీక్షించే రోజున రిక్ జోన్స్ అనే కుర్రాడు తెలియక ఆ మైదానంలోకి వచ్చేస్తాడు. బానర్ పరిగెత్తుకెళ్లి ఆ కుర్రాణ్ణి గోతిలోకి తోసేస్తాడు, తను మాత్రం కిరణాలకి దొరికిపోతాడు. హల్క్ పుట్టింది అలా. చూశారా, మొదట ఉన్నది కోపం కాదు. ఎవరి పిల్లాణ్ణో ఒకణ్ణి కాపాడ్డానికి అడ్డంగా వెళ్లడం. మొదటి సంచికలో కోపంతో మారడం కూడా లేదు, చీకటి పడితే మారేవాడు. కోపం సంగతి తర్వాత స్థిరపడింది. జాక్ కిర్బీ ఒక మాట చెప్పేవాడు. కారు కింద చిక్కుకున్న బిడ్డ కోసం ఒక తల్లి ఆ కారునే ఎత్తేయడం తను చూశాడట, హల్క్ ఆలోచన అక్కడిదేనట. ఆ మాట చదివాక బొమ్మ మొహంలో కోపం నాకు వేరేగా కనిపిస్తోంది.

1977లో టీవీలో తీసినప్పుడు ఒక్క నటుడితో పని జరగలేదు. బానర్‌గా బిల్ బిక్స్‌బీ, హల్క్‌గా కండలవీరుడు లూ ఫెరిగ్నో ఒళ్లంతా పచ్చరంగు పూసుకుని. ఒక పాత్రకి ఇద్దరు మనుషులు! దుకాణంలో మాత్రం ఎక్కువగా ఒక్కడే దొరుకుతాడు. సన్నటి మనిషి బొమ్మ ఎవరు కొంటారు? అందుకని పిల్లల చేతికి చాలాసార్లు పిడికిలి బిగించిన సగమే వస్తోంది.

వీడియో ఆటల్లోనూ చాలావరకు ఇంతే. 2005లో వచ్చిన ఒక ఆటలో హల్క్ కారుని రెండుగా చీల్చి, ఆ ముక్కల్ని చేతులకి తొడుక్కుని గుద్దుతాడు. సరదాగానే ఉంటుంది. కానీ నాకు బాగా నచ్చింది 1984 నాటి పాత ఆట, క్వెస్ట్‌ప్రోబ్ అని. స్కాట్ ఆడమ్స్ అనే ఆయన చేశాడు. తెర మీద కదలని బొమ్మ, కింద మాటలు. ఏం చెయ్యాలో మనమే టైపు చెయ్యాలి. ఆట మొదలయ్యేసరికి నువ్వు హల్క్‌వి కాదు, బానర్‌వి, కాళ్లూ చేతులూ కుర్చీకి కట్టేసి ఉంటాయి. ఏ బటనూ లేదు. ఏం చేస్తావు? పెదవి కొరుక్కోమని టైపు చెయ్యాలి. ఆ నొప్పికి హల్క్ లేస్తాడు, కట్లు తెగిపోతాయి. చిన్నూ, ఫోన్లో నీ బొటనవేలికి దొరకని సంగతి ఆ ఆట చేసినాయనకి తట్టింది. హల్క్ రావాలంటే ముందు బానర్‌కి నొప్పెట్టాలి. 2013 లెగో ఆటలో కూడా హల్క్‌ని మళ్లీ బానర్‌గా మార్చుకోవచ్చు. ఈసారి దొరికితే మార్చి, చిన్న మనిషిగా కాసేపు నడిచి చూడు.

మన దగ్గరా ఒక బలశాలి ఉండేవాడు, మీ వయసులో మేం ఆయన పేరు చెప్పుకునే కుస్తీ పట్టేవాళ్లం. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారు. కలియుగ భీముడనేవారు. శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే. ఛాతీకి ఇనుప గొలుసు చుట్టించుకుని, ఊపిరి పీల్చి బిగబడితే గొలుసు తెగేదట. ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకునేవారట. ఆయనదీ హల్క్ బలమే అనిపిస్తుంది కదా? కానీ ఆయన బలం ఊపిరి మీద పట్టుతో, ఏళ్ల తరబడి సాధనతో వచ్చింది. కావాలన్నప్పుడు వస్తుంది, చాలన్నప్పుడు ఆగుతుంది. బానర్‌కి లేనిది అదే. హల్క్ రావడం అతని చేతిలో లేదు, పోవడమూ లేదు. తెల్లారి లేచి ఏం విరగ్గొట్టానో అని భయపడే మనిషి అతను. నాకు జాలేస్తుంది.

అందుకని ఒక పని చేశాను. గొల్లపల్లిలో వీణలు చేసే నా పాత స్నేహితుణ్ణి అడిగితే, వీణ కుండ తొలిచాక మిగిలిన పనసచెక్క ముక్క ఒకటి ఇచ్చాడు. దాంతో బానర్‌ని చెక్కాను. అతని ఎత్తు సుమారు అయిదడుగుల తొమ్మిది అంగుళాలు, కాబట్టి మన లెక్క ప్రకారం బొమ్మ అయిదు ముప్పావు. బుజ్జమ్మ హల్క్ పక్కన నిలబెడితే భుజం దాకా కూడా రాడు. భుజాలు కొంచెం ముందుకి వంచాను, చేతులు కోటు జేబుల్లో పెట్టాను. మెడ ఒక్కటే తిరుగుతుంది, పక్కనున్నవాణ్ణి తలెత్తి చూడ్డానికి. ప్యాంటుకి ఊదా రంగు వేశాను. ఇద్దరిదీ ఒకటే ప్యాంటు కదా.

ఈ పార్సిల్లోనే చిన్నూ జాతర హల్క్ కూడా ఉన్నాడు. విరిగిన మేకు తీసేసి, చిన్న స్క్రూ, కుళాయికి వేసే రబ్బరు వాషరు పెట్టి బిగించాను. చెయ్యి ఇదివరకటి కంటే బాగా తిరుగుతోంది. ఎక్కడ ఆపితే అక్కడ ఆగుతుంది.

బానర్ కోటుకి రంగు వెయ్యలేదు, అది మీకోసం వదిలాను. ముందు సన్న గరుకు కాగితంతో నెమ్మదిగా రుద్దండి, చెక్క గీతలు ఎటుంటే అటే. పోస్టర్ కలర్ పల్చగా ఒక చెయ్యి వేసి, ఒక పూట ఆరనిచ్చి, రెండో చెయ్యి వెయ్యండి. ఏ రంగో ఇద్దరూ మాట్లాడుకుని తేల్చుకోండి. ఎడమ చెవి కింద చెక్కలోనే ఒక చిన్న ముడి ఉంది, పుట్టుమచ్చలాగ. అది మాత్రం కప్పొద్దు.

మీ తాతయ్య