పదును తప్పిన ట్రాక్: తడి నేల మీద ఆఖరి మాట ఎవరిది?

కోనసీమలో సార్వా కోత అయిన చేలో ట్రాక్ వేసి పెట్టిన బైకు పందెం మొన్న మూడో రౌండు దగ్గర ఆగిపోయింది. ముందు రాత్రి వాన కురిసింది. పొద్దున్నే ట్రాక్టరుతో పైమట్టి గీకించి, మలుపుల్లో నాలుగు ట్రక్కుల ఇసుక పోయించి మొదలుపెట్టారు. రెండు రౌండ్లు నడిచాయి. మూడోదానికి పిలిస్తే కుర్రాళ్ళు బండ్లకు స్టాండు వేసి గట్టు మీద కూర్చున్నారు. అప్పటి నుంచి ఊరు రెండుగా చీలింది. భయపడ్డారని ఒక పక్షం, తోలమనడానికి మీరెవరని ఇంకో పక్షం. భయపడ్డారనే వాళ్ళు ఫోన్లలో చూపిస్తున్న రుజువు ఒక్కటే: పోలండ్‌లో, ఇంగ్లండ్‌లో స్పీడ్‌వే అనే మట్టి ట్రాక్ బైకు పందెంలో రైడర్లు ముఖం నిండా బురదతో దూసుకుపోయే వీడియోలు. వాళ్ళు తోలగా లేనిది మీకేమొచ్చింది అని.

ఆ వీడియోల్లో కనిపించనిది చెప్పాలనే ఈ కథనం. ఈ గొడవ తేలాలంటే ముందు ఆ బండి సంగతి, ఆ మట్టి సంగతి తెలియాలి.

స్పీడ్‌వే బండికి బ్రేకులుండవు. 500 సీసీ ఇంజను, ఒక్కటే సిలిండరు, ఒక్కటే గేరు, ఇంధనం మెథనాల్. ఒక్కో రేసులో నలుగురు, నాలుగు చుట్లు, మలుపులన్నీ ఎడమకే. మలుపు రాగానే వెనక చక్రాన్ని కావాలనే పక్కకు జారుస్తారు. ఎడమ బూటుకు తొడిగిన ఉక్కు తొడుగు నేలను రాస్తూ ఉంటుంది. జారడం వాళ్ళకు ప్రమాదం కాదు, బండి తిప్పే పద్ధతే అది. ప్రాణం మీదికి వచ్చేది జారుతున్న చక్రానికి ఉన్నట్టుండి పట్టు దొరికినప్పుడు. ట్రాక్ మట్టి ఒకచోట వదులుగా, రెండు గజాల అవతల జిగురుగా ఉంటే, జారుతూ వచ్చిన వెనక చక్రం అక్కడ కరుచుకుంటుంది. బండి నిటారుగా లేచి తిన్నగా కంచె మీదికి పోతుంది. ఆపుకుందామంటే బ్రేకు లేదు.

డెల్టా రైతుకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మన భాషలో దానికి పదును అని పేరే ఉంది. విత్తనం వేయడానికి మట్టిలో ఎంత చెమ్మ ఉండాలో రైతు మడమతో నొక్కి చెప్పేస్తాడు. స్పీడ్‌వే ట్రాక్‌కూ అంతే. ఎండిపోతే దుమ్ము లేస్తుందని వాళ్ళే ట్యాంకరుతో నీళ్ళు కొట్టిస్తారు. కాబట్టి తడి ఉందా లేదా అన్నది వాళ్ళ లెక్క కాదు. ఆ తడి ట్రాకంతా ఒకేలా ఉందా అన్నదే లెక్క. మన ఒండ్రు నేలతో చిక్కు కూడా అదే. పైన అంగుళం ఆరినట్టు కనిపిస్తుంది, కింద దమ్ము చేసిన చేనులా మెత్తగా ఉంటుంది. నాలుగు బండ్లు ఒకే గాడిలో తిరిగితే పైపొర చిరుగుతుంది.

నా దృష్టిలో ఈ తగవుకు అసలు మలుపు 2015 ఏప్రిల్ 18, వార్సా. పోలండ్ జాతీయ స్టేడియంలో స్పీడ్‌వే ప్రపంచ విజేతను తేల్చే గ్రాండ్ ప్రి సిరీస్‌లో ఆ ఏటి తొలి పోటీ. ఆ దేశం స్పీడ్‌వేలో దేవుడిలా చూసుకునే తొమాష్ గోలోబ్‌కు అది గ్రాండ్ ప్రి వీడ్కోలు. స్టేడియం కిటకిటలాడింది. పైన కప్పు ఉంది కాబట్టి వాన బెడద లేదనే అందరూ అనుకున్నారు.

కానీ అది ఫుట్‌బాల్ స్టేడియం. ట్రాక్ కోసం మట్టి లారీల్లో తెచ్చి పోశారు. కొత్తగా పోసిన కాలవ గట్టు మీద మొదటి ఏడాదే బండి ఎక్కిస్తే ఏమవుతుందో మనకు తెలుసు. వార్సాలో అదే జరిగింది. ముందు నాలుగు బండ్లనూ ఒకేసారి వదిలే స్టార్టింగు గేటు మొరాయించింది. దాని గొడవ తేలకముందే ట్రాక్ గుంతలు పడింది. ఇది తోలే నేల కాదని రైడర్లు అభ్యంతరం చెప్పారు. పన్నెండో రేసు తర్వాత పోటీ ఆపేశారు. సెమీఫైనల్స్ లేవు, ఫైనల్ లేదు. అప్పటికి పాయింట్లలో ముందున్న స్లొవేనియా రైడర్ మతేయ్ జాగర్‌ను విజేతగా ప్రకటించారు. గోలోబ్ కోసం వచ్చిన జనం ఈలలతో, అరుపులతో నిరసన తెలిపారు.

నిర్వాహకుల బాధ లేనిది కాదు. టిక్కెట్లు అమ్మేశారు, టీవీ వాళ్ళు కెమెరాలు పెట్టుకుని కూర్చున్నారు. అయినా ఆ రాత్రి తేలిన విషయం ఒకటుంది. ఆకాశం చూసి, వాన కొలిచి, కప్పు మూసి నేల బాగుందనడానికి లేదు. నేల బాగుందో లేదో చెప్పగలిగింది దాని మీద చక్రం జార్చి వచ్చినవాడే. అంతకు ఆరున్నరేళ్ళ ముందు 2008 అక్టోబరులో జర్మనీలోని గెల్సెన్‌కిర్షెన్‌లోనూ ఇదే పాఠం ఎదురైంది. అక్కడా ఫుట్‌బాల్ స్టేడియమే, అక్కడా తెచ్చి పోసిన ట్రాకే. రైడర్ల భద్రత దృష్ట్యా పోటీ రద్దు చేసి, వారం తర్వాత పోలండ్‌లోని బిద్‌గోష్చ్‌లో జరిపారు. అప్పుడు దాన్ని ఒక ఊరి పొరపాటుగా తీసేశారు. వార్సా తర్వాత అలా తీసేయడం కుదరలేదు.

భయమనే మాటకు కూడా ఇక్కడే జవాబు చెప్పాలి. జట్ల మధ్య జరిగే లీగు పోటీల్లో రైడర్‌కు ప్రధానంగా పాయింటుకింతని డబ్బు. గెలిస్తే మూడు, రెండోవాడికి రెండు, మూడోవాడికి ఒకటి, చివరివాడికి సున్నా. ఇంజను ఖర్చు, మెకానిక్ జీతం చాలావరకు తన జేబులోంచే. తోలనంటే ఆ రోజు సంపాదన పోయినట్టే. అలాంటివాడు తోలనని చెప్పడం తేలికైన పని కాదు. మన కుర్రాళ్ళదీ అదే లెక్క. ప్రవేశ రుసుం కట్టారు, కొందరు అప్పు చేసి టైర్లు మార్చుకున్నారు. బహుమతి వదులుకుని గట్టు మీద కూర్చున్నవాళ్ళను పిరికివాళ్ళనడం నాకు న్యాయంగా తోచదు.

వీడియోల్లో కనిపించే బురద గురించి కూడా ఒక మాట. తడి ట్రాక్ మీద ముందున్నవాడి వెనక చక్రం చిమ్మే మట్టి వెనకవాళ్ళ కళ్ళద్దాలను కప్పేస్తుంది. అందుకే అద్దాల మీద పల్చటి పొరలు అంటించుకుని, మూసుకుపోయినప్పుడల్లా ఒక్కోటి లాగేస్తారు. చిమ్మడం తగ్గించడానికి వెనక చక్రం దగ్గర అడ్డు పలక కూడా బిగిస్తారు. ఇంత చేసినా గేటు దగ్గర ముందు దూకినవాడికే దారి కనిపిస్తుంది. మన పందెంలో అద్దాలే లేవు, సగంమందికి హెల్మెట్ ముందు గాజు కూడా లేదు. ఆ వీడియో చూపించి మీరూ తోలండి అనేవాళ్ళు ముందు ఆ సరంజామా తెచ్చి పెట్టాలి.

ఊళ్ళో ఇంకో తగాదా కూడా నడుస్తోంది: జరిగిన రెండు రౌండ్ల ఫలితం చెల్లుతుందా? స్పీడ్‌వే లీగుల్లో దీనికి పాత ఏర్పాటే ఉంది. నిర్ణీత సంఖ్యలో రేసులు పూర్తయ్యాక వాన వల్ల పోటీ ఆగితే అప్పటి స్కోరే ఫలితం. దానివల్ల అక్కడా పేచీలు వస్తుంటాయి. ముందున్న జట్టుకు ట్రాక్ పాడైనట్టు కనిపిస్తుంది, వెనకున్న జట్టుకు బాగానే కనిపిస్తుంది. మన దగ్గర తేడా ఏమిటంటే ఆ సంఖ్య ముందుగా ఎవరూ చెప్పలేదు. ఆపే అధికారం ఎవరిదో కూడా చెప్పలేదు. అక్కడ రిఫరీ అనే మనిషి ఒకడుంటాడు, ట్రాక్ చూస్తాడు, ఆపితే ఆగాల్సిందే. ఇక్కడ ఆపమని అడిగితే డబ్బు వసూలు చేసినవాళ్ళనే అడగాలి.

పోలండ్ అగ్రశ్రేణి లీగులో ఇప్పుడు వాన సూచన ఉంటే ముందే ట్రాక్ మీద బరకాలు కప్పుతున్నారు. కళ్ళం మీద ధాన్యం రాశికి వాన మబ్బు చూసి బరకం కప్పని రైతు మన దగ్గర ఉండడు. పందేనికి ముందు రాత్రి మన చేలో ట్రాక్ మీద ఒక్క బరకం కూడా వేయలేదు.

వచ్చే ఆదివారం మళ్ళీ పెడతామంటున్నారు. నిన్న సాయంత్రం వెళ్ళి రెండో మలుపు దగ్గర మడమతో నొక్కి చూశాను. గుంటలో నీరూరింది.