బ్రూడర్‌లో కోడిపిల్లలు చస్తే తెగులేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

చలి ముదిరిందంటే పొద్దున్నే పశువైద్యుడినైన నాకు ఫోన్లు మొదలవుతాయి. "సార్, రాత్రి బాగానే తిరుగుతా ఉన్నాయి. తెల్లారి చూస్తే మూలన కుప్పబడి సచ్చినాయి. కొక్కెర తెగులే గదా, ఏం మందు పోయాల?" అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వైపు నాటుకోడి, వనరాజా, గ్రామప్రియ పిల్లలు తెచ్చి బ్రూడర్‌లో, అంటే బల్బుల వేడి కింద, పెంచుకునేవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. నాకు ఫోన్ చేసేసరికే చాలామంది యాంటీబయాటిక్ కొనుక్కొచ్చి నీళ్లలో కలిపేసి ఉంటారు.

అపోహ: పిల్లలు గుంపుగా చస్తే అది తెగులే.

కాదు. మొదటి వారంలో చచ్చినవాటిని నేను కోసి చూస్తే, ఎక్కువ చలికో, దాహానికో, గాలి ఆడకో పోయినవే. కొక్కెర, అంటే రాణిఖేత్ వైరస్ తెగులు అయితే గురక, ఆకుపచ్చ పారుడు, మెడ తిరగడం కనిపిస్తాయి, చావులు రోజురోజుకూ పెరుగుతాయి. సాయంత్రం హుషారుగా ఉన్నవి తెల్లారేసరికి కుప్పగా పడి, అడుగున ఉన్నవి నలిగి చచ్చి, పైనవి బతికుంటే మాత్రం ముందు చలినే అనుమానించాలి. దానికి ఏ మందూ లేదు. పైగా మందు చేదుకు పిల్లలు నీళ్లు తాగడం తగ్గిస్తే ఉన్నవి కూడా నీరసిస్తాయి.

కోడిపిల్లకు తన ఒంటి వేడిని తాను నిలుపుకునే శక్తి పూర్తిగా రావడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. అందుకే మొదటి వారం 95 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి ఉండాలి, ఆ తర్వాత వారానికి 5 డిగ్రీల చొప్పున తగ్గించాలి. ఆ వేడిని పిల్ల వీపు ఎత్తులో, అంటే కింద పరిచిన పొట్టు మీద రెండు అంగుళాల ఎత్తులో కొలవాలి. గోడకు మనిషి ఎత్తున వేలాడదీసిన థర్మామీటరు పిల్లకు తగిలే వేడి చెప్పదు. అసలు పిల్లలే చెబుతాయి. బల్బు కింద గుమిగూడి కీచుమంటుంటే చలి. దూరంగా పోయి నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువైనట్టు. అన్నీ ఒకే పక్కకు చేరితే ఇంకో పక్కనుంచి గాలి కొడుతోంది. సమానంగా పరుచుకుని తిరుగుతుంటే మీరు నిద్రపోవచ్చు. పిల్ల కాళ్లు మీ చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే వేడి చాలలేదు.

మన జిల్లాలో పగలు చెమట పడుతుంది, తెల్లవారుజామున దుప్పటి కావాలి. పగలు చూసి బల్బులు తగ్గించి పడుకునేవాళ్లే ఎక్కువ నష్టపోతున్నారు. సంఘం అప్పుతో 150 పిల్లలు తెచ్చిన ఒక పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. పక్కింటివాళ్లు దిష్టి అన్నారు, మందుల షాపులో రెండు రకాల మందులిచ్చారు. ఆమె మాట్లాడుతుంటేనే గొంతు వణుకుతోంది. రాత్రి తొమ్మిదింటికి ఆమెతో పాటు షెడ్డులో కూర్చున్నాను. పిల్లలన్నీ ఒక మూలకు చేరాయి. ఎదురు గోడ కింద రేకు లేచి సన్నగా గాలి దూరుతోంది. "పెద్దమ్మా, తెగులు ఇదే" అని చూపించాను. గోనెసంచి కుక్కి, ఇంకో బల్బు పెట్టి, చిక్ గార్డును, అంటే పిల్లల చుట్టూ పెట్టే కంచెను, గుండ్రంగా సర్దాం. మూలలుంటేనే కుప్ప పడతాయి. అప్పు సొమ్ము కళ్లముందే చస్తుంటే భయపడకుండా ఎలా ఉంటారు? ఆ భయాన్ని చూసి మందులు అంటగట్టేవాళ్ల మీదే నాకు కోపం.

కరెంటు పోయినప్పుడు ఇంకో ప్రమాదం. పరదాలన్నీ బిగించి, లోపల బొగ్గుల కుంపటి పెడతారు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, పిల్లలు నిద్రలోనే పోతాయి. మనుషులకూ ప్రమాదమే. కుంపటి తప్పదనుకుంటే పై భాగంలో గాలి పోయే దారి తప్పకుండా వదలండి.

"కడుపులో పచ్చసొన ఉంటుంది, మొదటి రోజు నీళ్లక్కర్లేదు" అనేది కూడా తప్పే. పిల్లలు దిగగానే ముందు నీళ్లే. రేకుల షెడ్డులో ఎండాకాలం నీళ్లు చాలక చచ్చినవాటి కిడ్నీల్లో సున్నంలా తెల్లటి పదార్థం చాలాసార్లు చూశాను.

మిగతావి క్లుప్తంగా. వెనక తెల్లగా అంటుకుంటే ప్రతిసారీ తెల్లపారుడు రోగం కాదు, చలికీ వస్తుంది. బొడ్డు ఉబ్బి, తడిగా, వాసన వస్తుంటే హ్యాచరీ శుభ్రత గురించి అడగండి. మన దగ్గర చవకగా దొరికే వేరుశనగ పొట్టు తడిసి బూజు పడితే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది, ఎండబెట్టిందే వాడండి. 5-7 రోజులకు కొక్కెర రాకుండా వేసే లసోటా టీకా చుక్కలు పిల్లల్ని చంపవు, అప్పటికే నీరసించిన పిల్లలకు మాత్రం వేయకండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పటి నుంచి ప్రతి చావుకూ ఆ పేరే పెడుతున్నారు. పెద్ద కోళ్లు కూడా ఒక్కసారిగా చస్తుంటే ఆలస్యం చేయకుండా పశువైద్యాధికారికి చెప్పండి. బ్రూడర్‌లో పిల్లలు మాత్రమే చస్తుంటే ముందు బల్బు, నీళ్లు, గాలి చూడండి.

మొదటి వారంలో నూటికి ఒకటి మించి పోతున్నాయంటే ఏ మందూ పోయకముందే అప్పుడే చచ్చిన రెండు పిల్లల్ని, నీరసంగా ఉన్న రెండింటిని దగ్గరలోని పశువైద్యశాలకు తీసుకురండి. చచ్చినవాటిని సంచిలో కట్టి ఐసు మధ్య పెట్టండి, గడ్డకట్టనివ్వకండి. వాసన వేసినవి కోస్తే నాకు ఏమీ తెలియదు.