ఇంట్లో మూలికల పటాలు: అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో మూలికల చిత్రాలు గీయడం, వాటి ముద్రణలు తీయించడం, పటాలు కట్టి ఇవ్వడం నా వృత్తి. తులసి, నేలవేము, తిప్పతీగ, గుంటగలగర వంటి మొక్కల బొమ్మలు ముందుగదిలో పెట్టుకుంటామని వచ్చేవారు ఫ్రేము ఏ రంగుదైతే బాగుంటుందని అడుగుతారు, బొమ్మ పాతకాలపుదిలా కనిపిస్తుందా అని అడుగుతారు. బొమ్మలో మొక్క సరిగ్గా ఉందా, ఆ కాగితం మన తీరప్రాంతపు చెమ్మకు ఎన్నాళ్లు తట్టుకుంటుంది అన్న ప్రశ్నలు మాత్రం అరుదుగా వినిపిస్తాయి. పటం విలువ తేల్చేవి నిజానికి ఈ రెండే.

అపోహ: మొక్కల బొమ్మలు గీయడం దొరల కళ, మన ప్రాంతానికి సంబంధం లేనిది.

ఇందులో కొంత నిజం లేకపోలేదు. మన మొక్కల బొమ్మలున్న కొన్ని పాత పుస్తకాలు అచ్చయింది లండన్‌లో, వాటిని వేయించింది ఈస్టిండియా కంపెనీ. అయితే ఆ బొమ్మల్లో పెద్ద భాగం పుట్టింది మన తీరంలోనే. స్కాట్లండుకు చెందిన వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1780లలో సామర్లకోటలో ఉంటూ అక్కడ తోట పెంచి, చుట్టుపక్కల మొక్కలను స్థానిక చిత్రకారుల చేత గీయించాడు. ఆయనకు ముందు కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా పనిచేసిన ప్యాట్రిక్ రస్సెల్ మనకు ఇంకా దగ్గరలో, విశాఖపట్నంలో, ఉండేవాడు. రాక్స్‌బర్గ్ వేయించిన చిత్రాల నుంచి ఎంచిన 300 ఫలకాలు, అంటే పుస్తకపు పుటంత బొమ్మలు, ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ అన్న పేరుతో 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా వెలువడ్డాయి. వర్ణనలలో మొక్కల తెలుగు పేర్లు కూడా ఆయన నమోదు చేశాడు గానీ, కుంచె పట్టిన వారి పేర్లు ఆ ఫలకాల మీద లేవు. తర్వాతి తరంలో వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ వైట్ దగ్గర పనిచేసిన రంగయ్య, గోవిందు అనే ఇద్దరు చిత్రకారుల పేర్లు మాత్రం నిలిచాయి, గోవిందు పేరును వైట్ ఒక ఆర్కిడ్ ప్రజాతికే (దగ్గరి జాతుల గుంపుకే) పెట్టాడు. పరాయి కళ అని దూరం పెట్టే ముందు ఈ సంగతి ఒకసారి తలచుకోవడం న్యాయమని నా అభిప్రాయం.

అపోహ: కాగితం గోధుమరంగులో ఉంటే అది అసలైన పాత ముద్రణ.

గోధుమరంగు పాతదనానికి గుర్తే గానీ నాణ్యతకు గుర్తు కాదు. కాగితంలోని ఆమ్లం, తేమ, బూజు కలిసి చేసిన నష్టమది. ఇప్పుడు అమ్ముడయ్యే చాలా ‘పాత’ పటాల్లో ఆ రంగును కంప్యూటరులో కలుపుతారు. ఒక మామూలు భూతద్దంతో చూస్తే విషయం తేలిపోతుంది. రాగిరేకు మీద చెక్కి ముద్రించిన బొమ్మలో గీతలు తెగకుండా సాగుతాయి, రేకు అంచు కాగితంలోకి నొక్కుకున్న చారిక బొమ్మ చుట్టూ కనిపిస్తుంది, రంగు చేత్తో వేసినది కనుక అక్కడక్కడ గీత దాటుతుంది. నేటి ప్రెస్సుల్లో జరిగే ఆఫ్‌సెట్ ముద్రణలో అయితే నాలుగు రంగుల చుక్కలు కనిపిస్తాయి. పునర్ముద్రణ కొనడంలో తప్పేమీ లేదు, దాన్ని పాతదిగా నమ్మి ఎక్కువ ధర పెట్టడమే నష్టం.

అపోహ: ఫోటో ఉండగా గీసిన బొమ్మ ఎందుకు? ఫోటోలోనే మొక్క ఉన్నదున్నట్లు ఉంటుంది.

ఈ వృత్తిలో నేను ఎక్కువసార్లు జవాబు చెప్పవలసి వచ్చే ప్రశ్న ఇదే కనుక దీన్ని కొంచెం వివరంగా చెబుతాను. ఫోటో ఒక మొక్కను ఒక రోజున, ఒక కోణం నుంచి చూపుతుంది. వృక్షచిత్రం ఆ జాతి లక్షణాలను ఒకే కాగితం మీదికి తెస్తుంది. మొగ్గ, పువ్వు, కాయ, గింజ ఒకే కొమ్మ మీద ఒకే రోజున దొరకకపోయినా చిత్రకారుడు వేర్వేరు వారాల్లో చూసి గీసి పక్కపక్కన చేరుస్తాడు, కంటికి ఆనని భాగాన్ని పెద్దదిగా చేసి ఒక మూలన వేస్తాడు.

నేల ఉసిరినే తీసుకోండి. పైనుంచి ఫోటో తీస్తే చింతాకు వంటి చిన్న ఆకుల వరుస తప్ప మరేమీ కనిపించదు. రెమ్మను వేలితో తిరగేస్తే ప్రతి ఆకు మొదట్లోనూ ఆవగింజకన్నా కొంచెం పెద్దవైన పచ్చని కాయలు కిందికి వేలాడుతూ వరుసగా కనిపిస్తాయి. ఆ తిరగేసిన రెమ్మ లేని నేల ఉసిరి బొమ్మ నా దృష్టిలో అసంపూర్ణం. తులసి విషయంలో చూడవలసింది కాండం. వేళ్ల మధ్య పెట్టి తిప్పితే గుండ్రంగా దొర్లదు, నాలుగు పలకలు తగులుతాయి. ఆకులు ఎదురెదురుగా జంటలుగా ఉంటాయి, ఒక జంట తూర్పు పడమరలకు ఉంటే దాని పై జంట ఉత్తర దక్షిణాలకు ఉంటుంది. అంగట్లో దొరికే ముద్రణలు కొన్నింటిలో తులసి పేరు కింద నున్నని వెడల్పాటి ఆకులున్న విదేశీ బేసిల్ బొమ్మ ఉంటుంది. కంప్యూటరు తనంతట తాను తయారుచేసే బొమ్మల్లోనైతే ఒక కణుపు దగ్గర రెండు ఆకులు, పై కణుపు దగ్గర మూడు, ఆపైన ఒక్కటే ఉండడం కూడా చూస్తున్నాం. తులసికోటకు రోజూ నీళ్లు పోసే ఇంట్లో అటువంటి బొమ్మ గోడ మీద ఉండడం నాకు ఇబ్బందిగానే తోస్తుంది.

అపోహ: బొమ్మ ఇంత స్పష్టంగా ఉంటే దాన్ని చూసి మొక్కను గుర్తుపట్టి మందుగా వాడుకోవచ్చు.

వాడుకోకూడదు. బ్రాహ్మి అన్న పేరుతో గుండ్రని ఆకుల సరస్వతి ఆకునూ, చిన్న దళసరి ఆకుల బకోపానూ రెండింటినీ అమ్ముతారు. అవి దగ్గరి చుట్టాలైనా కావు, కనుక బొమ్మ కింద ఆ పేరు ఉన్నంత మాత్రాన అది ఏ మొక్కో తేలదు. మందు సంగతి వైద్యుడికి వదిలేయాలి.

అపోహ: ఇంటర్నెట్టులో దొరికిన బొమ్మను ఎంత పెద్దదిగానైనా ముద్రించుకోవచ్చు.

దగ్గరగా నిలబడి చూసే పటానికి అంగుళానికి 300 చుక్కలు, అంటే పిక్సెళ్లు, అవసరం. ఆ లెక్కన ఏ4 కాగితానికి 2480×3508 పిక్సెళ్లు, ఏ3కి 3508×4961 పిక్సెళ్లు ఉండాలి. వాట్సాప్‌లో ఫోటోగా పంపిన బొమ్మ కుదించుకుపోతుంది, దాన్ని పెద్దది చేస్తే ఆకుల ఈనెలు అలికినట్టు అయిపోతాయి. హక్కుల విషయానికి వస్తే, మన చట్టం ప్రకారం చిత్రకారుడు మరణించిన తర్వాత 60 సంవత్సరాల వరకు కాపీరైటు ఉంటుంది. రాక్స్‌బర్గ్ నాటి ఫలకాలకు ఆ చిక్కు లేదు, నేటి చిత్రకారుల పనికి ఉంది.

అపోహ: సహజమైన రంగులు వెలిసిపోవు.

బట్టకు అంటిన పసుపు మరకను ఎండలో ఆరేస్తే ఏమవుతుందో తెలిసినవారు కూడా ఈ మాట నమ్మడం నాకు ఆశ్చర్యం కలిగిస్తుంది. పసుపు వెలుతురుకు త్వరగా పోయే రంగు, నీలిమందు దానికన్నా చాలా గట్టిది. పసుపు, నీలం కలిపి వేసిన పాత బొమ్మల్లో పసుపుపచ్చ ముందుగా వెలిసిపోయి ఆకులు నీలంగా మారడానికి కారణం ఇదే. ముద్రణలో అడగవలసిన మాట, సిరా డై (ద్రవంలో కరిగిపోయే రంగు) రకమా, పిగ్మెంట్ (కరగని సన్నని రంగు పొడి) రకమా అని. పిగ్మెంట్ సిరాతో, ఆమ్లం లేని నూలు కాగితం మీద తీసిన ముద్రణ సాధారణంగా ఎక్కువ కాలం నిలుస్తుంది. అయినా పడమటి కిటికీకి ఎదురుగా, ఎండ నేరుగా పడేచోట ఏదీ పెట్టకూడదు.

అపోహ: లామినేషన్ చేయిస్తే ఇక దిగులు లేదు.

లామినేషన్ కాగితానికి జిగురుతో శాశ్వతంగా అంటుకుంటుంది. అంచున ఎక్కడైనా సందు ఉంటే లోపలికి చేరిన చెమ్మ బయటికి పోదు, పొర ఉబ్బిన తర్వాత దాన్ని తీయబోతే బొమ్మ కూడా ఊడివస్తుంది. శ్రీకాకుళం, భీమిలి వైపు సముద్రపు గాలికి, వానాకాలంలో మన ఊళ్లలోని ముసురుకు, గాలిలో తేమ 65-70 శాతం దాటి రోజుల తరబడి నిలిస్తే కాగితం మీద బూజు పుడుతుంది. కనుక పటం ఊపిరి పీల్చుకునేలా కట్టించాలి. అద్దానికీ కాగితానికీ మధ్య మౌంటు అట్ట (బొమ్మ చుట్టూ అంచులా వేసే అట్ట) ఉండాలి, అద్దం నేరుగా తాకకూడదు. వెనుక వేసే హార్డ్‌బోర్డుకూ కాగితానికీ మధ్య ఆమ్లం లేని అట్ట ఒకటి పెట్టించాలి. బొమ్మను సెల్లోటేపుతో అంటించనీయకూడదు. పై అంచున మాత్రం రెండుచోట్ల పలుచని కాగితపు పట్టీలు, గోధుమ గంజి జిగురుతో వేస్తే చాలు. ఫ్రేము కింది మూలల్లో వెనుకవైపు చిన్న రబ్బరు బిళ్లలు అతికిస్తే గోడకూ పటానికీ మధ్య గాలి ఆడుతుంది, సిల్వర్ ఫిష్ పురుగుల బెడద కూడా తగ్గుతుంది. స్నానాలగదిని ఆనుకున్న గోడ, వాన నీరు దిగే గోడ పనికిరావు. వంటింట్లో కావాలంటే పొయ్యికి ఎదుటి గోడ మీద పెట్టుకోవచ్చు గానీ పొయ్యి పైన వద్దు, తాలింపు ఆవిరిలోని నూనె అద్దం అంచుల నుంచి లోపలికి చేరుతుంది.

2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ వంటి తుఫానుల్లో పటాలు తడిసినప్పుడు చాలామంది వాటిని ఎండలో పెట్టి, ఆరాక అద్దం నుంచి కాగితాన్ని లాగుతారు. ఆ లాగడంలో ఆకుల రంగు అద్దానికే ఉండిపోతుంది. తడిగా ఉండగానే వెనుక అట్ట తీసేసి, అద్దానికి అంటుకున్న కాగితాన్ని కదపకుండా, అద్దం కిందికి వచ్చేలా నీడలో బల్లపరుపుగా ఉంచి, ఫ్యాను గాలి మెల్లగా తగిలే ఏర్పాటు చేసి, అంటుకున్న కాగితాన్ని విడదీయడం తెలిసినవారిని పిలవాలి.