మైక్ పాడవలేదు అబ్బయ్యా: ఫ్లైట్ సిమ్ వాయిస్ మీద అపోహలు, వాస్తవాలు

కావలిలో మా నాయనది మైకు సెట్ల వ్యాపారం. పెళ్ళిళ్ళు, తిరునాళ్ళు, శ్రీరామనవమి పందిళ్ళు, ఎలక్షన్లు. చింతచెట్టుకు హారన్లు కట్టడం దగ్గర్నుంచి ఆంప్లిఫయర్ పక్కన రాత్రంతా కాపలా కాయడం దాకా ఆయన వెంటే తిరిగి నేర్చుకున్నా. ఇప్పుడు అదే ఊళ్ళో నాది కంప్యూటర్ రిపేరు షాపు. రాత్రి షట్టర్ దించాక కంప్యూటర్లో ఫ్లైట్ సిమ్యులేటర్ (సిమ్ అంటాం) తెరిచి వాట్సిమ్‌లో విమానం నడుపుతా. 2001 నుంచి నడుస్తున్న ఉచిత నెట్‌వర్క్ అది. ఒకరు కంట్రోలర్‌గా, ఇంకొకరు పైలట్‌గా ఇళ్ళల్లో కూర్చుని అచ్చం నిజం విమానాల్లోలాగే రేడియోలో మాట్లాడుకుంటారు.

నెల్లూరు, ఒంగోలు వైపు ఈ పిచ్చి ఉన్న కుర్రాళ్ళు కొందరున్నారు. సౌండ్ తేడా వస్తే నాకే ఫోన్ చేస్తారు. వాళ్ళు చెప్పే కారణం ఒకటి, తీరా చూస్తే ఉండేది ఇంకొకటి. ఎక్కువగా వినేవి ఇక్కడ రాస్తున్నా.

అపోహ: నా మాట ఎవరికీ వినపడటంలేదు కాబట్టి మైక్ పోయింది, కొత్తది కొనాలి.

హారన్ పలక్కపోతే మా నాయన ముందు మైకు జోలికి పోయేవాడు కాదు. ఆంప్లిఫయర్‌కి మైకు తగిలించే చోట పిన్నుని వేలితో ముట్టుకునేవాడు. హారన్లో గుర్రుమని వస్తే ఆంప్లిఫయర్ నుంచి హారన్ దాకా దోవ బాగున్నట్టే, జబ్బు మైకులోనో వైర్లోనో ఉంది. రాకపోతే మైకుని తిట్టి లాభం లేదు. దోవని నడిమికి విరిచి, ఏ సగంలో జబ్బుందో చూడటం. కంప్యూటర్లోనూ నేను చేసేది ఇంతే.

సిమ్ మూసేయండి, వాట్సిమ్‌కి కలిపే వీపైలట్, ఎక్స్‌పైలట్ లాంటి నెట్‌వర్క్ ప్రోగ్రామ్ కూడా మూసేయండి. విండోస్‌లో ఉండే రికార్డర్ తెరిచి నాలుగు ముక్కలు మాట్లాడి వినండి. మాట వినపడిందా, మైకు, వైరు, పిన్ను అన్నీ బాగున్నట్టే. ఇక వీపైలట్‌లోనో ఎక్స్‌పైలట్‌లోనో ఆడియో సెట్టింగుల్లో ఏ మైక్ ఎంచుకున్నారో చూడాలి. వెబ్‌క్యామ్ తగిలిస్తే దాని మైక్ ఒకటి, లాప్‌టాప్‌కి సొంతంగా ఒకటి, హెడ్‌సెట్‌ది ఒకటి. మీరు హెడ్‌సెట్లో మాట్లాడుతుంటే అది మూత దగ్గరున్న మైక్‌ని వింటూ ఉంటుంది.

రికార్డర్లో మాట రాకపోయినా, అక్కడ వచ్చి నెట్‌వర్క్ ప్రోగ్రామ్‌కి అందకపోయినా ప్రైవసీ సెట్టింగుల్లో మైక్రోఫోన్ దగ్గరకు పోండి. డెస్క్‌టాప్ యాప్‌లకు మైక్ అనుమతి అని కిందెక్కడో వేరే మీట ఉంటుంది. పైది ఆన్‌లో ఉండి ఇది ఆఫ్‌లో ఉంటే రికార్డర్ పలికినా నెట్‌వర్క్ ప్రోగ్రామ్‌కి మాట అందదు. ఈ పాఠం నాకు ఊరికే రాలేదు. ఎవరి కంప్యూటర్లోనో చూపిస్తూ చూపిస్తూ నా దాంట్లో ఆ మీట నేనే ఆపేసి మర్చిపోయా. రెండు రాత్రులు తల పట్టుకుని కొత్త హెడ్‌సెట్ కొన్నా. పాతది ఇప్పటికీ పనిచేస్తానే ఉంది.

ఇంకొకటి పిన్ను. ఫోన్ హెడ్‌సెట్ పిన్ను మీద మూడు నల్ల గీతలుంటాయి, అంటే నాలుగు ముక్కలు. డెస్క్‌టాప్ వెనక మైక్‌కి గులాబీ, సౌండ్‌కి ఆకుపచ్చ, రెండు వేర్వేరు బొక్కలు. ఆ ఒక్క పిన్ను ఆకుపచ్చలో పెడితే వినపడుతుంది కానీ మాట పోదు. స్ప్లిటర్ కావాలి. అది కొనేటప్పుడు జాగ్రత్త: ఇద్దరు కలిసి పాటలు వినడానికి అమ్మే వై ఆకారం వైరు కూడా చూడటానికి అచ్చం ఇట్టాగే ఉంటుంది. మీక్కావాల్సింది ఒక కొసకు మైక్ బొమ్మ, ఇంకో కొసకు హెడ్‌ఫోన్ బొమ్మ ఉన్నది.

అపోహ: కంట్రోలర్ వినపడటంలేదంటే నా స్పీకర్లో లోపం.

ఒంగోలు కుర్రాడొకడు ఒక రాత్రి ఫోన్ చేశాడు. "అన్నా, చెన్నై ఆన్‌లైన్లో ఉన్నాడని లిస్టులో చూపిస్తా ఉంది. నేను పిలస్తా ఉంటే పలకడు. ఆయన మాటా రావట్లా."

"ఏడున్నావ్ అబ్బయ్యా?"

"ఇంట్లోనే అన్నా."

"ఇంట్లో కాదురా, విమానం ఏడుంది?"

అద్దంకి దగ్గర హైవే మీద వాయుసేన కోసం అత్యవసర రన్‌వే కట్టారు కదా, 2024 మార్చిలో ఏఎన్-32 దిగింది. దాని మీద దిగాలని వీడు రెండు వేల అడుగుల ఎత్తులో గిరగిరా తిరుగుతున్నాడు. అక్కడ్నుంచి చెన్నై టవర్ ఎట్లా వినపడుతుంది?

విమానాల రేడియో వీహెచ్ఎఫ్. అది దాదాపు కంటిచూపులాగా తిన్నగా పోతుంది, భూమి వంపు అడ్డమొస్తే ఆగిపోతుంది. అడుగుల్లో ఎత్తుకి వర్గమూలం కట్టి 1.23తో హెచ్చవేస్తే ఎన్ని నాటికల్ మైళ్ళు అందుతుందో సుమారుగా వస్తుంది. రెండు వేల అడుగుల దగ్గర 55, 35,000 అడుగుల దగ్గర 230. అవతలి యాంటెన్నా ఎత్తుని బట్టి ఇంకొంచెం కలుస్తుంది. ఒంగోలు నుంచి చెన్నై విమానాశ్రయమే 150 మైళ్ళ చిల్లర, వాడు అంతకన్నా ఉత్తరాన ఉన్నాడు. 2019లో వాట్సిమ్‌కి కొత్త వాయిస్ వ్యవస్థ వచ్చినప్పటి నుంచి ఈ దూరం లెక్క అందులోనూ ఉంది. పైకెక్కితే చాలు, చెన్నై తానే పలుకుతుంది.

కింద నిలబడి ఉన్నప్పుడు ఇంకో సంగతి. సిమ్‌లోని విమానంలో బ్యాటరీ, ఏవియానిక్స్ (రేడియో లాంటి ఎలక్ట్రానిక్ పరికరాల) స్విచ్చులు వేయకపోతే రేడియోకి కరెంటు లేదు, కంప్యూటర్‌కి ఉంటే ఉండొచ్చు గాక. ఆడియో ప్యానెల్లో కామ్ 1 (మొదటి రేడియో) నొక్కి, ఫ్రీక్వెన్సీ మాత్రం కామ్ 2లో (రెండో రేడియోలో) పెట్టే వాళ్ళు కూడా తక్కువేం లేరు.

అపోహ: ఎవరైనా మాట్లాడగానే ఇంజిన్ సౌండ్ పడిపోతుంది, సిమ్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేయాలి.

వద్దు. పాత సౌండ్ కంట్రోల్ ప్యానెల్లో కమ్యూనికేషన్స్ అని ఒక ట్యాబ్ ఉంది. ఎవరైనా మాట్లాడుతున్నారని తెలిస్తే మిగతా సౌండ్లు 80 శాతం తగ్గించమని విండోస్ మామూలుగా అక్కడ పెట్టుకుని ఉంటుంది. "ఏమీ చేయవద్దు" అన్న అర్థమున్న చివరి గుండ్రం నొక్కండి. అరనిమిషం పని.

అపోహ: మైక్ బూస్ట్ పూర్తిగా పెంచితే స్పష్టంగా వినపడుతుంది.

పెళ్ళి పందిట్లో ఎవరో ఒక పెద్దాయన "ఇంకొంచెం పెంచవయ్యా" అంటానే ఉంటాడు. పెంచితే మాట పెరగదు, బొంగురుపోతుంది. మైక్ బూస్ట్‌లో +20, +30 డెసిబెల్స్ పెడితే మీ గొంతు అంచులు తెగిపోయి గరగరగా పోతుంది. ఫ్యాను చప్పుడు, ఎదురింటి టీవీ సీరియల్ కూడా ఎక్కుతాయి. ప్రోగ్రామ్‌లో మాటకు లేచే గీత పచ్చగా ఉంటే చాలు, ఎరుపు తాకకూడదు. మైక్ మొన నోటికి తిన్నగా కాకుండా మూలకి, రెండు వేళ్ళ దూరంలో పెట్టండి. ఊపిరి తగలదు.

దీనికి చుట్టం లాంటి భ్రమ ఇంకొకటుంది. రేడియో చెక్, అంటే నా మాట ఎట్లా వినపడుతోందని అడిగితే కంట్రోలర్ "రీడబిలిటీ త్రీ" అంటాడు. సౌండ్ తక్కువన్నాడనుకుని మనవాడు బూస్ట్ తిప్పుతాడు. ఆ అంకె సౌండ్ గురించి కాదు, మాట అర్థమయ్యే తీరు గురించి. ఒకటి అంటే ఏమీ తెలియటంలేదని, మూడు అంటే కష్టం మీద తెలుస్తోందని, ఐదు అంటే శుభ్రంగా ఉందని. మూడు చెప్పినప్పుడు చాలాసార్లు చేయాల్సింది తగ్గించడమే.

అపోహ: ఖరీదైన స్టూడియో మైక్ ఉంటే అందరికన్నా బాగా పలుకుతాం.

విమానం రేడియో ఏఎం పద్ధతి. గొంతులో సన్నటి, లావుటి అంచులు కోసేసి నడుమ ముక్కే పంపుతుంది. వాయిస్ వ్యవస్థ కావాలనే అట్లా వినిపిస్తుంది. పదివేల మైక్ పెట్టినా అవతలకు పోయేది అదే డబ్బా గొంతు.

అపోహ: బ్లూటూత్ హెడ్‌సెట్ పెట్టగానే సౌండ్ పాడైంది, డ్రైవర్ పోయినట్టుంది.

ఆ హెడ్‌సెట్ పాటలు వినేటప్పుడు ఒక పద్ధతిలో, మైక్ తెరవగానే ఫోన్ కాల్ పద్ధతిలో పనిచేస్తుంది. స్టీరియో పోయి, 8 లేదా 16 కిలోహెర్ట్జ్ మోనో మిగులుతుంది. చెవికి బ్లూటూత్, మాటకి వైరున్న మైక్ అని విడదీయండి. నేనైతే ఈ పనికి బ్లూటూతే వద్దంటా.

అపోహ: మాట తెగిపోతోందంటే నెట్ స్పీడ్ చాలదు.

మాటని కుదించి పంపడానికి వాడే ఓపస్ కోడెక్‌కి సెకనుకి కొన్ని పదుల కిలోబిట్లు చాలు. పెద్ద ప్లాన్ తీసుకుంటే బాగుపడదు. వైఫై మధ్యమధ్యలో తడబడితే తెగుతుంది, వైరు తగిలించి చూడండి. మొదటి మాట ఒక్కటే తెగుతోందంటే తప్పు మన బొటనవేలిది: మాట్లాడేటప్పుడు నొక్కిపట్టే బటన్ నొక్కి, అర క్షణం ఆగి, అప్పుడు నోరు తెరవాలి. నాయిస్ తీసేసే ప్రోగ్రామ్‌లు కూడా మొదటి అక్షరాన్ని చప్పుడనుకుని మింగేస్తుంటాయి.

బటన్ అసలే పట్టడంలేదా? సిమ్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి వాయిస్ ప్రోగ్రామ్‌ని మామూలుగా తెరిస్తే, సిమ్ కిటికీ ముందున్నంతసేపు కీబోర్డు నొక్కుడు వాయిస్ ప్రోగ్రామ్‌కి చేరదు. రెండూ ఒకే తీరుగా తెరవండి.

అపోహ: గుయ్యిమనే మోత హెడ్‌సెట్‌దే.

ఛార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపి చూడండి. మోత ఆగిందా, అది మీ ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ పాట. ఎర్త్ లేని ప్లగ్గు, రెండు పిన్నుల అడాప్టర్, కరెంటు పోయినప్పుడు పాత రకం ఇన్వర్టర్, వీటి దగ్గర వెతకాలి. లాప్‌టాప్ రేకు ముట్టుకుంటే సన్నగా జుమ్మంటుంటే మాత్రం హెడ్‌సెట్ సంగతి తర్వాత, ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ చూపించండి. ఎర్త్ బాగున్నా సన్నగా మోత మిగిలితే యూఎస్‌బీ హెడ్‌సెట్‌తో చాలాసార్లు తగ్గుతుంది.

అపోహ: మైక్ బాగయ్యేదాకా ఎగరకూడదు.

ఎగరొచ్చు. ఫ్లైట్ ప్లాన్ రిమార్కుల్లో రెండు వాలుగీతల మధ్య ఆర్ అక్షరం (/R/) పెడితే ఈ పైలట్ వినగలడు, మాట్లాడలేడని, టీ (/T/) పెడితే అంతా టెక్స్టేనని కంట్రోలర్‌కి తెలుస్తుంది. ఆయన నోటితో చెబుతాడు, మీరు టైపు చేసి బదులిస్తారు. నా మైక్ మూగబోయిన ఆ రెండు రాత్రులూ నేను చెన్నై, హైదరాబాద్ మధ్య తిరిగింది అట్లానే.