స్ట్రాబెర్రీ: ఎండను తిట్టే ముందు బోరు నీళ్లు చూడండి (అపోహలు - వాస్తవాలు)

చీనీ (బత్తాయి), మామిడి, దానిమ్మ, టమోటా. అనంతపురంలో పండ్ల నిల్వ, ప్రాసెసింగ్ పనిలో ఉన్న నాలాంటివాళ్లకు రోజూ వీటితోనే సంసారం. ఈ మధ్య మాత్రం ఫోన్ తీస్తే చాలు, స్ట్రాబెర్రీ. "లంబసింగిలో పండుతోంది కదన్నా, మనమూ వేద్దామా?" అని ఒకరు. "బెంగుళూరు నాలుగు గంటల దారి, కోసింది కోసినట్టు అమ్ముడుపోతుంది" అని ఇంకొకరు. వీడియోల్లో చెప్పనివి, పరిశోధకులు ఎప్పుడో తేల్చినవి కొన్ని ఇక్కడ రాస్తున్నా.

అపోహ: "ఇది చలిదేశాల మొక్క, మన దగ్గర పూతే రాదు"

వస్తుంది. మామూలు స్ట్రాబెర్రీ రకాలు పొద్దు తక్కువున్నప్పుడు పూస్తాయి. రకాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ అయినా, పగలు ఇంచుమించు 14 గంటలు దాటితే పూమొగ్గ కట్టడం ఆగిపోతుంది. ఇది యూరప్ వేసవిలో ఉండే తిప్పలు. అనంతపురంలో జూన్ నెలలో కూడా పగలు సుమారు 13 గంటలే. కాబట్టి పొద్దు లెక్కన మనకు ఏడాది పొడుగునా అడ్డు లేదు. అడ్డొచ్చేది వేడి. మొక్కకు హాయిగా ఉండేది 15 నుంచి 25 డిగ్రీల మధ్య. 30 దాటేకొద్దీ మొగ్గ తగ్గిపోతుంది. మనకు ఆ చల్లదనం బాగా దొరికేది డిసెంబరు, జనవరి నెలల్లో. అక్టోబరులో నాటి, ఫిబ్రవరి దాకా కోసుకునే చిన్న పంటగా చూస్తే కుదురుతుంది. మార్చిలో కూడా కాయలు కావాలంటే కష్టం.

షేడ్‌నెట్ వేస్తే ఏడాదంతా కాస్తుందనేది దీనికి తోడబుట్టిన మాట. నెట్టు ఎండను ఆపుతుంది గానీ గాలి వేడిని పెద్దగా తగ్గించదు. రాత్రి వేడిని అసలే తగ్గించలేదు. ఫ్యానూ తడిప్యాడూ ఉన్న పాలీహౌస్ మన పొడిగాలికి బాగా పనిచేస్తుంది. కాకపోతే అది తాగే నీళ్లు, కాల్చే కరెంటు లెక్కేసుకున్నాక రైతు మళ్లీ ఫోన్ చేయడు.

అపోహ: "దానిమ్మకు పారే బోరు నీళ్లు దీనికి చాలవా?"

అసలు కథ ఇక్కడుంది. ఉప్పును తట్టుకునే శక్తిని బట్టి పంటలను వరుసలో పెడితే స్ట్రాబెర్రీ దాదాపు చివర్లో ఉంటుంది. 1977లో మాస్, హాఫ్‌మన్ అనే శాస్త్రవేత్తలు చాలా పంటలకు ఒక పట్టిక తయారుచేశారు. నేటికీ నీళ్ల పరీక్ష రిపోర్టు చదివేటప్పుడు అదే ఆధారం. దాని ప్రకారం నేల ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 1 దాటితే స్ట్రాబెర్రీ దిగుబడి పడడం మొదలవుతుంది. ఆపైన పెరిగే ప్రతి పాయింటుకూ 33 శాతం పోతుంది. నేల ఈసీ 2.5 ఉంటే సగం పంట లేనట్టే. దానిమ్మ ఆ స్థాయిని పెద్దగా పట్టించుకోదు. దాని మీద నమ్మకంతో దీన్ని నాటితే ముందు ఆకుల అంచులు కాగితం కాలినట్టు గోధుమరంగుకు తిరుగుతాయి. రైతు అది చూసి ఎండదెబ్బ అనుకుంటాడు, ఇంకో పొర నెట్టు వేస్తాడు, ఇంకాసేపు డ్రిప్పు వదులుతాడు. అదే నీళ్లతో అదే ఉప్పు మళ్లీ బెడ్డులోకి చేరుతుంది.

నేలలో 1 దాటకూడదంటే పారే నీళ్లలో ఈసీ 0.7 దగ్గర ఉండాలి. మీ బోరు 1.6 అనుకోండి. వానకు నిండిన సేద్యపు కుంట నీళ్లు 0.2 ఉన్నాయనుకోండి. సగానికి సగం కలిపితే 0.9 వస్తుంది, ఇంకా ఎక్కువే. ఒక పాలు బోరు, రెండు పాళ్లు కుంట కలిపితే 0.7 లోపలికి దిగుతుంది. ఎరువు కలిపితే ఈసీ ఇంకా పెరుగుతుంది కాబట్టి ఎరువుకూ కొంత చోటు మిగలాలి. పొటాష్ కావాలంటే మ్యూరియేట్ వద్దు, అందులోని క్లోరైడు దీనికి పడదు. సల్ఫేట్ రూపంలో వేయండి.

మన నీళ్లలో ఇంకో గుణం, బైకార్బొనేట్. అది బెడ్డు పులుపు-క్షారాల కొలతను, అంటే పీహెచ్‌ను మెల్లగా పైకి లాగుతుంది. ఈ మొక్కకు కావలసింది 5.5 నుంచి 6.5. కర్నూలు నల్లరేగళ్లు చాలాచోట్ల 8 దగ్గరుంటాయి. కొత్త ఆకు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము అందని లక్షణం. నేలలో ఇనుము లేక కాదు, ఆ పీహెచ్‌లో మొక్క తీసుకోలేక. ఇనుమును పట్టి ఉంచే మందుల్లో మామూలు ఈడీటీఏతో ఉన్న ఇనుము అక్కడ నిలవదు, ఈడీడీహెచ్ఏ రూపమైతే నిలుస్తుంది. ధర ఎక్కువే, అయినా పనిచేసేది అదే.

ఇప్పుడు మనం తినే స్ట్రాబెర్రీ యూరప్ తోటల్లో పుట్టిన సంకరం. ఫ్రెజియే అనే ఫ్రెంచి సైనిక ఇంజినీరు 1714లో చిలీ నుంచి తెచ్చిన మొక్క ఒకటి, ఉత్తర అమెరికాది ఇంకొకటి. ఆ చిలీ మొక్క సముద్రపు ఒడ్డున పెరిగేది. బిడ్డకు మాత్రం ఉప్పు గిట్టదు. ఏం చేస్తాం!

అపోహ: "కాయ వంకర తిరిగిందంటే తెగులే"

ఎక్కువసార్లు తెగులు కాదు, పరాగం అందకపోవడం. వంకర కాయను చేతిలోకి తీసుకుని నొక్కుకుపోయిన వైపు చూడండి. పైనున్న గింజలు సన్నగా, ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. ఉబ్బిన వైపు గింజలు లావుగా, ఎడంగా ఉంటాయి. ఆ గింజలే అసలు కాయలు. ఎర్రటి గుజ్జు పూవు అడుగుభాగం ఉబ్బితే వచ్చింది. గింజలు తయారుచేసే ఆక్సిన్ అనే హార్మోను వల్లే గుజ్జు పెరుగుతుందని 1950లో నిట్ష్ చూపించాడు. గింజలు గిల్లేస్తే కాయ పెరగడం ఆగింది, ఆ చోట ఆక్సిన్ పూస్తే మళ్లీ పెరిగింది. పాలీహౌస్‌ను బిగించి మూసి, తేనెటీగలు రాకుండా చేసి, కాయలు వంకరగా వస్తున్నాయని మందు కొడితే లాభం లేదు. తేనెటీగలు వాలిన పూల కాయలు బరువుగా ఉండడమే కాదు, కోశాక ఎక్కువసేపు గట్టిగా ఉంటాయని 2014లో జర్మనీ పరిశోధకులు చూపించారు.

అపోహ: "పచ్చిగా కోసి పంపితే దారిలో పండుతుంది"

మామిడి పండుతుంది, ఇది పండదు. కోశాక రంగు కొంచెం ముదురుతుందేమో గానీ తీపి చేరదు. కాయలను మాగబెట్టే ఎథిలీన్ పొట్లాలు పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే.

అపోహ: "కడిగి ఫ్రిజ్‌లో పెడితే వారం ఆగుతుంది"

కడిగితే రెండో రోజే బూజు. కాయకు తొక్కంటూ లేదు, తడి అంటుకుంటే వదలదు, బూడిదరంగు బూజుకు కావలసింది ఆ తడే. ఆ బూజు సున్నా డిగ్రీల దగ్గర కూడా చావదు, మెల్లగా పెరుగుతూనే ఉంటుంది. తినే ముందు మాత్రమే కడగాలి, తొడిమ తీయకుండా.

తోటలో అయితే ఫ్రిజ్ కన్నా ముందు గడియారం చూడాలి. కాయలో ఉన్న తోట వేడిని కోసిన గంటలోపు దించాలి. తెల్లవారుజామున కోసి, లోతులేని ట్రేలలో ఒకటి రెండు వరసలకు మించకుండా పేర్చి, చల్లగాలిని ట్రేల గుండా లాగాలి. చన్నీళ్లలో ముంచి చల్లార్చే పద్ధతి క్యారెట్‌కు సరే, దీనికి కాదు. సున్నా డిగ్రీలు, 90-95 శాతం తేమలో ఉంచితే వారం దాకా వస్తుంది. పదకొండింటికి కోసి, చెట్టు కింద ట్రేలు పెట్టి, సాయంత్రం బండి ఎక్కిస్తే బెంగుళూరు చేరేసరికి అడుగు వరస చారవుతుంది. అప్పుడు కోల్డ్‌స్టోరేజీని తిట్టి లాభం లేదు.

అపోహ: "జామకన్నా బలమైన పండు"

విటమిన్ సి వంద గ్రాములకు స్ట్రాబెర్రీలో 60 మిల్లీగ్రాముల దాకా, జామలో 200 పైన. ధర సంగతి మీకు తెలిసిందే.

అపోహ: "జామ్ గోధుమరంగుకు తిరిగితే పాడైనట్టు, ఎర్రగా ఉంటే రంగు కలిపినట్టు"

డ్వాక్రా అక్కలు ఎక్కువగా అడిగేది ఇదే. ఎరుపు పెలార్గోనిడిన్ అనే పదార్థానిది. వేడికీ, వెలుతురుకూ, నిల్వకూ అది విరిగిపోతుంది. మన వేసవి గదిలో నెలల తరబడి ఉన్న సీసా మాసిపోవడం సహజం. బూజు, పులిసిన వాసన, గ్యాసు లేకపోతే అది చెడిపోయినట్టు కాదు. ఎరుపు నిలవాలంటే తక్కువసేపు ఉడికించి, త్వరగా చల్లార్చి, చీకట్లో, వీలైతే ఫ్రిజ్‌లో ఉంచాలి.

గట్టిపడకపోవడం ఇంకో బాధ. జామ్‌ను గట్టిపరిచే పెక్టిన్ ఈ పండులో తక్కువ, అందుకే ఎంత ఉడికించినా జారుతూనే ఉంటుంది. అలా ఉడికించడంలోనే రంగూ పోతుంది. పెక్టిన్ పొడిని దానికి ఐదారు రెట్ల పొడి చక్కెరలో కలిపి చల్లితే ఉండలు కట్టదు. నిమ్మరసం చివర్లో వేయాలి, ముందే వేసి ఉడికిస్తే పెక్టిన్ విరుగుతుంది. చక్కెర శాతం చూపే రిఫ్రాక్టోమీటరు 65 దాటాకే దించాలి, ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నియమం కూడా అదే. ఆ నియమాల్లోనే ఇంకోటి ఉంది. మిగతా పండ్ల జామ్‌లో పండు కనీసం 45 శాతం ఉండాలి, స్ట్రాబెర్రీ, రాస్ప్‌బెర్రీలకు మాత్రం 25 చాలు. అంగడిలో సీసా కొనేటప్పుడు ముందు బొమ్మ కాదు, వెనక లేబుల్ మీద పండు శాతం చూడండి.