సింథ్‌ను గిటార్ పెడల్‌కు కలిపితే

ఫ్రెంచ్ సంగీతకారుడు జాన్ మిషెల్ జార్ 1976లో తెచ్చిన ‘ఆక్సిజేన్’ ఆల్బమ్‌లో వయొలిన్ల బృందంలా పరుచుకునే స్వరం ఒకటి మెల్లగా సుళ్లు తిరుగుతూ సాగుతుంది. ఆ స్వరం ఎమినెంట్ 310 అనే ఎలక్ట్రానిక్ ఆర్గాన్‌ది. సుడి మాత్రం స్మాల్ స్టోన్ అనే ఫేజర్ పెడల్‌ది, అంటే గిటారిస్టులు కాలితో నొక్కే చిన్న పెట్టెది. దాన్ని డిజైన్ చేసిన డేవిడ్ కాకరెల్ అంతకుముందే వీసీఎస్3 సింథసైజర్ (క్లుప్తంగా సింథ్, ఎలక్ట్రానిక్ సర్క్యూట్లతో స్వరాలు పుట్టించే వాయిద్యం) సర్క్యూట్లు రూపొందించిన ఇంజినీరు.

ఫేజర్ సిగ్నల్‌ను రెండు పాయలు చేసి, ఒకదాని ఫేజ్‌ను, అంటే అల ఎగుడుదిగుళ్ల వేళను, జరిపి, మళ్లీ కలుపుతుంది. కలిసేచోట కొన్ని ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఆ ఖాళీలు పైకీ కిందికీ కదలడమే మనకు వినిపించే సుడి. హార్మోనిక్స్, అంటే మూల స్వరంతో పాటు మోగే పై ఫ్రీక్వెన్సీలు, దండిగా ఉన్న స్వరంలోనే అది బాగా తెలుస్తుంది. ఒకే ఫ్రీక్వెన్సీ ఉండే సైన్ వేవ్ పంపితే వాల్యూమ్ కాస్త హెచ్చుతగ్గులవుతుంది, అంతే. అందుకే పెడల్ కొనేముందు సింథ్‌లో ఏ స్వరం వాడతామో తేల్చుకోవాలంటాను.

స్టేజి మీద అసలు తంటా వోల్టేజ్‌తో. గిటార్ తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే పికప్ ఇచ్చేది మామూలుగా వోల్టులో ఓ పదో వంతు. గట్టిగా మీటితే ఇంకొంచెం ఎక్కువ. మిక్సర్ లాంటి పరికరాల మధ్య నడిచే ప్రొఫెషనల్ లైన్ లెవెల్ 1.23 వోల్టులు. విడివిడి భాగాలను కేబుళ్లతో కలిపే మాడ్యులర్ సింథ్‌లలో అయితే అల కింది కొస నుంచి పై కొస దాకా 10 వోల్టులు ఉండటం మామూలే. 9 వోల్టులతో నడిచే మామూలు పెడల్‌లో అంత అల పట్టదు, కొసలు తెగిపోతాయి. స్వరాన్ని కాస్త ఆగి ప్రతిధ్వనిలా మళ్లీ వినిపించే డిలే పెడల్ బరబరమంటే చాలామంది పెడల్ పాడైందనుకుంటారు. ముందు సింథ్ వాల్యూమ్ తగ్గించి చూడండి. నూటికి తొంభై పాళ్లు అక్కడే సర్దుకుంటుందని నా నమ్మకం.

స్వరాన్ని కావాలనే గరుకుగా మార్చే డిస్టార్షన్ పెడల్‌ది మరో కథ. 220, 330 హెర్ట్జ్ స్వరాలు రెండూ కలిసి అందులోకి వెళితే వాటి తేడా 110, మొత్తం 550 కూడా పుడతాయి. ఇవన్నీ 110కి గుణిజాలే కాబట్టి వినసొంపుగా ఉంటుంది. అదే నాలుగైదు వేళ్లతో పెద్ద కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) నొక్కితే పుట్టుకొచ్చే కొత్త ఫ్రీక్వెన్సీలు ఒకదానితో ఒకటి పొసగవు, మోతే మిగులుతుంది. డిస్టార్షన్‌లోకి ఒంటి స్వరమో, రెండు స్వరాలో పంపడం మేలు.

పెడళ్లను ఏ వరసలో పెట్టాలో కూడా ఇదే తేలుస్తుంది. మోనోలో, అంటే ఒకే ఛానల్‌లో, శుభ్రమైన డిలే, రివర్బ్ (గదిలో మార్మోగినట్టు వినిపించేది) రెండింటిలో ఏది ముందున్నా లెక్కప్రకారం ఫలితం ఒక్కటే. డిస్టార్షన్ అలా కాదు. అది డిలే తర్వాత ఉంటే, సన్నగిల్లాల్సిన ప్రతిధ్వనులు కూడా ఉబ్బి కొత్త స్వరాలతో కలగలిసిపోతాయి. డిలే టైమ్ పాట లయకు కుదరాలంటే 60,000ను టెంపోతో, అంటే నిమిషానికి బీట్ల సంఖ్యతో, భాగిస్తే చాలు: 120 బీట్లకు 500 మిల్లీసెకన్లు.

ఇక హమ్. సింథ్‌కూ మిక్సర్‌కూ వేర్వేరు ప్లగ్ పాయింట్ల నుంచి ఎర్త్ అంది, ఆడియో కేబుల్‌లో సిగ్నల్ తీగ చుట్టూ ఉండే షీల్డ్ కూడా వాటిని కలిపితే ఆ చుట్టులో కరెంట్ తిరుగుతుంది. మన దేశంలో 50 హెర్ట్జ్ గుయ్యిమనే మోత దాందే. దానికోసం ఎర్త్ పిన్ పీకెయ్యడం ప్రాణాల మీదికి తెస్తుంది, ఆ పని అస్సలు చేయొద్దు. చివరి పెడల్‌కూ మిక్సర్‌కూ మధ్య ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ (వాయిద్యం సిగ్నల్‌ను మిక్సర్‌కు తగ్గట్టు మార్చే పెట్టె) పెట్టి, షీల్డ్ కలయికను తెంచే దాని గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కితే సిగ్నల్ అయస్కాంత క్షేత్రం ద్వారా దాటుతుంది, ఆ చుట్టు తెగుతుంది.