తులమంత తాకిడి

పోయిన వారం నా పాత విద్యార్థి ఒకడు ఫోన్ చేశాడు. ఎనుమాముల మార్కెట్‌లో ఒక మిర్చి కమీషన్ దుకాణంలో లెక్కలు రాస్తుంటాడు. "సార్, మా బాపు అరికాలికి పుండైంది, నెల దాటింది. షుగర్ ఉంది గని, నొప్పి మాత్రం అసలే లేదంటుండు. నొప్పి లేదంటే మానుతున్నట్టే గద సార్?"

కాదు. షుగర్ ఉన్న మనిషి కాలికి పుండై, పైగా నొప్పి లేదంటున్నాడంటే, టెన్షన్ పడాల్సింది ఆ "లేదు" గురించే. అరికాల్లో పుండున్న మనిషి మామూలుగా కుంటుతాడు, ఆ కుంటడమే పుండు మీద బరువు పడకుండా కాపాడుతుంది. నొప్పి తెలియని మనిషి అదే పుండు మీద రోజంతా నడుస్తాడు. ఆ రోజే డాక్టరుకు చూపించమన్నాను, చూపించాడు కూడా. అక్కడ డాక్టరు ఒక నైలాన్ దారంతో కాలి మీద పొడిచి "తెలుస్తుందా" అని అడిగాడట. "గంత చిన్న దారంతోని ఏం తెలుస్తది సార్" అని మళ్ళీ ఫోన్. నాకు ఎంతో ఇష్టమైన దారం అది, కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు నరం సంగతి. నడుము దగ్గర వెన్నెముక పక్కన ఒక కణం ఉంటుంది, దాని తీగ కాలి బొటనవేలి దాకా వస్తుంది, అంటే ఒక్క కణమే దాదాపు మీటరు పొడవు! ఆ తీగకు కావలసిన సరుకంతా పైన కణంలో తయారై కిందికి రావాలి. వేగంగా కదిలే సరుకు కూడా రోజుకు సుమారు 40 సెంటీమీటర్లే కదులుతుంది, వేలు చేరడానికి రెండు రోజులు పైనే. పోచంపాడు నుంచి వచ్చే కాకతీయ కాలువలో నీళ్ళు తగ్గితే మొదట ఎండేది చివరి ఆయకట్టే. షుగర్ నరాలను, వాటికి రక్తమిచ్చే సన్నని నాళాలను దెబ్బతీసినప్పుడు కూడా అంతే, అన్నిటికన్నా పొడవైన నరాల చివర ముందు పోతుంది. అందుకే మొద్దుబారడం వేళ్ళ దగ్గర మొదలై మేజోడు తొడిగినట్టు పైకి పాకుతుంది. కొందరికి మంటలు, తిమ్మిర్లు వస్తాయి, కొందరికి ఏమీ రాదు, దూది మీద నడిచినట్టుంది అంటారు, నడుస్తుంటే చెప్పు జారిపోయినా చూసుకోరు.

ఇప్పుడు దారం. చీపురు పుల్ల ఒకటి తీసుకుని నిలువుగా పట్టుకుని కొనను అరచేతిలో నొక్కండి. కొంతసేపు నిటారుగా ఉండి, ఒక్కసారిగా విల్లులా వంగుతుంది. వంగాక ఇంకాస్త నొక్కినా పుల్ల ఇంకా వంగుతుందే తప్ప అరచేతికి తగిలే బలం పెద్దగా పెరగదు. దీని లెక్కను 1744లో ఆయిలర్ అనే గణిత శాస్త్రవేత్త కట్టాడు. నొక్కేది బలమైన డాక్టరైనా, కొత్తగా చేరిన నర్సమ్మ అయినా, తొందరలో ఉన్నా, నెమ్మదిగా ఉన్నా, దారం వంగేదాకా నిదానంగా నొక్కితే చాలు, చర్మానికి తగిలేది ఒకటే బలం. స్ప్రింగు లేదు, బ్యాటరీ లేదు, దారమే కొలత! ఇంటర్‌లో యంగ్ గుణకం చెప్పేటప్పుడు తీగ సాగడం గురించి గంటలకొద్దీ చెబుతాం, వంగడాన్ని రెండు మాటల్లో దాటేస్తాం. ఈ దారం ఒక్కటి క్లాసుకు తీసుకెళ్తే పిల్లలకు ఆ పాఠం జన్మలో మరిచిపోలేనిది అవుతుంది.

ఆ బలం ఎంతంటే 10 గ్రాముల బరువంత. మన నగల దుకాణాల్లో ఇప్పుడు తులం అంటే 10 గ్రాములే కదా, ఒక తులం బంగారం అంత అన్నమాట. ఈ దారం మీద 5.07 అని ఒక అంకె కూడా ఉంటుంది. బలాన్ని మిల్లీగ్రాములో పదో వంతుల్లో కొలిచి దానికి లాగరిథమ్ తీస్తే వచ్చే అంకె అది, తిప్పి లెక్కిస్తే 11.7 గ్రాములు వస్తుంది, వాడుకలో మాత్రం 10 గ్రాముల దారమనే అంటారు. బ్రిటిష్ కాలం నాటి పాత తులం 11.66 గ్రాములు! కాకతాళీయమే గానీ, కాగితం మీద లెక్క వేసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆయిలర్ సూత్రంలో అసలు కీలకం ఘాతాల్లో ఉంది. వంగే బలం పొడవు వర్గానికి విలోమంగా, మందం నాలుగో ఘాతానికి అనులోమంగా మారుతుంది. మామూలుగా ఈ దారం 38 మిల్లీమీటర్ల పొడవు, సుమారు అర మిల్లీమీటరు మందం ఉంటుంది. కొన 5 మిల్లీమీటర్లు విరిగిపోయిందనుకోండి, 38ని 33తో భాగించి వర్గం చేస్తే 1.33, అంటే 10 గ్రాముల దారం 13 గ్రాములది అయిపోయింది. స్పర్శ పోయిన కాలు కూడా "తెలుస్తుంది" అంటుంది, మనిషి నిశ్చింతగా ఇంటికి వెళ్తాడు. మందం 10 శాతం ఎక్కువైతే బలం 46 శాతం పెరుగుతుంది, కాబట్టి చేపల గాలం దారం కొనుక్కొచ్చి ఇంట్లో ఇదే పని చేద్దామనుకోవద్దు. నైలాన్ తేమను పీల్చి మెత్తబడుతుంది, అదే పనిగా వంచితే అలసిపోతుంది కూడా. అందుకే 10, 15 మందిని చూశాక దారానికి ఒక రోజు విశ్రాంతి ఇవ్వాలని, 70 నుంచి 90 మంది తర్వాత మార్చేయాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతాయి. రోజూ వందల మంది వచ్చే చోట ఇది పాటించడం కష్టమే, కానీ దారం చవక, కాలు చవక కాదు.

పొడిచే తీరు కూడా ముఖ్యమే. ముందు చేతి మీద తాకించి ఎలా ఉంటుందో చూపించాలి. తర్వాత ఆ మనిషికి కనబడకుండా బొటనవేలి అడుగున, బొటనవేలి మొదట్లోని ఉబ్బు మీద, చిటికెనవేలి మొదట్లోని ఉబ్బు మీద తాకించాలి, దారం ఆనించి తీయడానికి ఒక్కోసారికి మొత్తం రెండు సెకన్లు. ఆనెకాయ మీద, పుండు మీద పెట్టకూడదు. ఒక్కో చోట రెండుసార్లు నిజంగా, ఒకసారి ఉత్తుత్తిగా, తాకకుండానే అడగాలి. మూడింట్లో రెండు సరిగ్గా చెబితే స్పర్శ ఉన్నట్టు.

ఇంతకీ 10 గ్రాములే ఎందుకు? దీనికి జవాబు కుష్ఠు ఆసుపత్రుల్లో ఉంది. మన నిజామాబాద్ పక్కన డిచ్‌పల్లిలో స్కాట్లండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్ 1915లో కుష్ఠు ఆసుపత్రి మొదలుపెట్టింది. ఆ రోజుల్లో ఆ జబ్బుతో వేళ్ళు వాటంతటవే కుళ్ళి రాలిపోతాయని అందరూ నమ్మేవారు, పూర్వజన్మ పాపమనేవారు. తమిళనాడులోని కొల్లి కొండల్లో పుట్టిన డాక్టర్ పాల్ బ్రాండ్ వెల్లూరులో పనిచేస్తూ అది నిజం కాదని చూపించాడు. నరాలు చచ్చిపోవడంతో నొప్పి తెలియక, కాలిన గాయాలు, కోసుకున్న గాయాలు, రాత్రి ఎలుకలు కొరికిన గాయాలు పట్టించుకోకపోవడం వల్లే వేళ్ళు పోతున్నాయి. 1966లో ఆయన అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్ళాడు, అక్కడే షుగర్ కాళ్ళకూ ఇదే కథ అని తేలింది. మెదడుకు గాయాలైన సైనికుల కోసం సెమ్స్, వైన్‌స్టైన్ అనే పరిశోధకులు 1960 నాటికి వాడిన నైలాన్ దారాలను అక్కడ అరికాళ్ళ మీద వాడి చూశారు, ఆ పరిశీలనల్లోంచే 10 గ్రాముల గీత వచ్చింది. అది తెలియని పాదానికి రాయి గుచ్చుకున్నా తెలియదు.

రక్తనాళాల పరీక్ష కూడా ఇంతే ముఖ్యం, పాదం పైన, లోపలి చీలమండ వెనక నాడి చూస్తారు. చీలమండ దగ్గర బీపీ కూడా చూస్తారు గానీ, షుగర్ ఉన్నవాళ్ళలో నాళం గోడకు సున్నం పట్టి గట్టిపడితే బీపీ మెషీన్ పట్టీ దాన్ని నొక్కలేక అంకె తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. ఇక పాదం వాచి, ఎర్రబడి, వేడిగా ఉండి నొప్పి లేకపోతే లోపల ఎముకలు విరుగుతుండవచ్చు, దాన్ని బెణుకు అనుకుని నడవొద్దు.

గాలి సోకిందని పసరు కట్టించడం, తిమ్మిర్లకు వేడినీళ్ళలో కాళ్ళు పెట్టడం నేను కళ్ళారా చూశాను. నీళ్ళ వేడి మోచేత్తో చూడాలి, కాలితో కాదు. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళు, మేడారం నడిచి వెళ్ళేవాళ్ళు, మే నెలలో భద్రకాళి గుడి బండల మీద తిరిగేవాళ్ళు నా బంధువుల్లో చాలామంది ఉన్నారు. వాళ్ళ భక్తిని నేను ఒక్క మాట అనను, కానీ స్పర్శ పోయిన కాలితో చెప్పుల్లేకుండా నడవొద్దని ప్రతి ఏడూ బతిమాలుతున్నాను.

దారం లేని ఇంట్లోనూ ఒక పరీక్ష ఉంది, ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్ పేరుతో పిలుస్తారు. ఆ మనిషిని కళ్ళు మూసుకోమని, చూపుడువేలి కొనతో బొటనవేలు, నడిమివేలు, చిటికెనవేలు కొసలను ఒకటి రెండు సెకన్లు అలా తాకాలి, నొక్కకూడదు, తట్టకూడదు. కుడో ఎడమో చెప్పమనాలి. రెండు కాళ్ళవీ కలిపి ఆరు చోట్లు, రెండు చోట్ల తెలియకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. పుండు ఉంటే ఈ పరీక్షతో పనే లేదు, నేరుగా వెళ్ళాలి.

ఇదంతా ఫోన్‌లో చెప్పాక మా వాడు కాసేపు మాట్లాడలేదు. వాళ్ళమ్మకూ పన్నెండేళ్ళుగా షుగర్. అదే రాత్రి అన్నం తిన్నాక ఆమె కాళ్ళు తాకి చూశాడట. రెండు చిటికెనవేళ్ళూ తెలియలేదు. సోమవారం బాపుకు డ్రెస్సింగ్ ఉంది, ఆమెను కూడా వెంట తీసుకుపోతున్నాడు.